నామినీ యజమాని కాదు, అమానత్‌దారు: పోయినవారి డబ్బును వెతికి వారసులకు చేర్చడం ఎలా?

"నామినీగా నా పేరే ఉంది కదా, ఇక ఆ డబ్బు నాదే." ఇంటి పెద్ద ఇంతెఖాల్ అయ్యాక చాలా కుటుంబాల్లో గొడవ ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. ఆ మాట అనేవాళ్లు అబద్ధం చెబుతున్నామని అనుకోరు. బ్యాంకు వాళ్లు నామినీనే పిలుస్తారు, నామినీ చేతే సంతకం పెట్టిస్తారు, నామినీ ఖాతాలోనే డబ్బు వేస్తారు. అంతా పద్ధతిగా జరిగినట్టే కనిపిస్తుంది. కానీ బ్యాంకు డిపాజిట్ విషయంలో దేశ చట్టం చూసినా, షరీఅత్ చూసినా ఆ డబ్బు నామినీ చేతిలో ఉండేది అమానత్‌గానే.

ఊహించిన ఉదాహరణ ఒకటి. ఖమ్మంలో చిన్న హార్డ్‌వేర్ షాపు నడిపే ఒకాయన పెళ్లికి ముందు బ్యాంకులో ఎఫ్‌డీ వేశారు. ఫారంలో నామినీ అని ఉన్నచోట అన్న పేరు రాశారు. తర్వాత పెళ్లయింది, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. ఎఫ్‌డీ రెన్యువల్ అవుతూనే ఉంది, నామినీ పేరు మార్చాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆయన పోయేనాటికి అది 13 లక్షలు అయింది. ఇంట్లో ఆయన అమ్మ ఉంది, భార్య ఉంది, పిల్లలున్నారు. డబ్బు మాత్రం అన్న ఖాతాలోకి వెళ్తుంది. నిజానికి ఆ అన్నకు అందులో ఒక్క పైసా వాటా లేదు. పోయినవారికి కొడుకులు ఉన్నప్పుడు అన్నదమ్ములకు వరాసత్ రాదు.

మరి బ్యాంకు ఆయనకే ఎందుకిస్తుంది? బ్యాంకుకు కావలసింది తన బాధ్యత తీరిపోవడం. ఖాతాదారు పోయాక వారసులెవరు, ఎవరికెంత అన్న పంచాయితీ బ్యాంకు చేయలేదు. అందుకే నామినీకి అప్పగిస్తే బ్యాంకు పని అయిపోయినట్టేనని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం చెబుతుంది. తీసుకున్నాయన దాన్ని హక్కుదారులకు చేర్చాలి. ఎల్ఐసీ పాలసీ మీద 1984లో సర్బతీ దేవి కేసులోనూ, బ్యాంకు డిపాజిట్ల మీద 2010లోనూ, షేర్ల మీద 2023 డిసెంబరులోనూ సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది: నామినేషన్ వల్ల వారసత్వం మారిపోదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. నామినీ డబ్బు తీసుకోకముందే భార్యాపిల్లలు వెళ్లి "ఆయనకు ఇవ్వకండి" అని బ్యాంకుకు దరఖాస్తు పెట్టినా, లాయరు నోటీసు పంపినా బ్యాంకు దాన్ని పట్టించుకోవలసిన పని లేదు. కోర్టు ఆర్డరు ఒక్కటే బ్యాంకును ఆపగలదు. కాబట్టి నామినీ మీద నిజంగా అనుమానం ఉంటే మేనేజరుతో వాదన పెట్టుకుని లాభం లేదు, సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందే. డబ్బు చేతులు మారిపోయినా నామినీ మీద దావా వేసే హక్కు వారసులకు ఉంటుంది. కాకపోతే దావాలకు కాలపరిమితి ఉంటుంది కనుక "పెద్దాయన కదా, చూద్దాంలే" అంటూ ఏళ్లు గడపకూడదు.

హైదరాబాద్ వాళ్లకు బాగా తెలిసిన ఒక కేసు ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. 1948 సెప్టెంబరులో, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన రోజుల్లో, లండన్‌లో ఉన్న నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్మును అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతూలా పేరు మీదికి మార్చారు. కొద్ది రోజులకే ఏడో నిజాం ఆ డబ్బు తిరిగి కావాలన్నారు. బ్యాంకు ఇవ్వలేదు. కేసు 1957లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి, పాకిస్తాన్‌కు సార్వభౌమ రక్షణ ఉందన్న కారణంతో అక్కడే ఆగిపోయింది. 1967లో నిజాం కన్నుమూశారు. డబ్బు బ్యాంకులోనే పెరుగుతూ పోయింది. చివరికి 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఖాతా మీద రహీంతూలా పేరున్నా ఆయన దాన్ని ట్రస్టుగా పట్టుకున్నారే తప్ప హక్కుదారు ఏడో నిజామేనని, ఆయన హక్కు ద్వారా వచ్చిన ఇద్దరు మనవళ్లకు, భారత ప్రభుత్వానికి అది చెందుతుందని తేల్చింది. అప్పటికి ఆ సొమ్ము సుమారు 3.5 కోట్ల పౌండ్లు. ఖమ్మం ఎఫ్‌డీ కేసైనా, లండన్ ఖాతా కేసైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: పేరు ఎవరిది అని కాదు, ఎవరి కోసం పట్టుకున్నారు అని.

ఎల్ఐసీ, పీఎఫ్‌లలో కొంచెం తేడా

బ్యాంకు సంగతి చెప్పినంత సూటిగా బీమా సంగతి చెప్పలేం. 2015 నాటి సవరణతో బీమా చట్టంలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలుగా ఉంటే వాళ్లే ఆ డబ్బుకు లబ్ధిదారులు అనే నిబంధన వచ్చింది. దాంతో "ఇది నాకే" అని నామినీ వాదించే వీలు కలిగింది. మిగతా వారసుల హక్కు పూర్తిగా పోయిందా లేదా అన్నదాని మీద హైకోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. అన్నదమ్ములో, మేనల్లుడో నామినీగా ఉంటే మాత్రం పాత సూత్రమే వర్తిస్తుంది. చట్టం సంగతి అలా ఉన్నా, దీన్ ప్రకారం ఎలా పంచుకోవాలన్నది కుటుంబం ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం.

ప్రావిడెంట్ ఫండ్‌లో ఒక మంచి నియమం ఉంది. పెళ్లికాకముందు ఉద్యోగి అన్నదమ్ముల పేరో, స్నేహితుడి పేరో నామినీగా రాసినా, కుటుంబం ఏర్పడ్డాక ఆ నామినేషన్ చెల్లదు. ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో, సెక్యూరిటీ ఏజెన్సీల్లో పనిచేసి పోయినవాళ్ల కుటుంబాలు పీఎఫ్ డబ్బు కోసం ఫారం 20 ఒక్కటే పెట్టి ఊరుకుంటున్నాయి. ఉద్యోగంలో ఉండగానే మరణిస్తే ఈడీఎల్ఐ బీమా కింద 7 లక్షల దాకా వస్తుంది, దానికి ఫారం 5ఐఎఫ్. పింఛనుకు ఫారం 10డీ. మూడూ వేర్వేరు, మూడూ అడగాలి.

ముందు డబ్బు ఎక్కడుందో తెలియాలి కదా

చాలా ఇళ్లలో అసలు కష్టం పంపకం కాదు, వెతుకులాట. అబ్బాకు ఎన్ని ఖాతాలున్నాయో అమ్మీకి తెలియదు. కొడుకు దుబాయ్‌లో, కూతురు అత్తగారింట్లో. బీరువాలో పాత పాస్‌బుక్ ఒకటి దొరుకుతుంది, దాని మీదున్న బ్యాంకు పేరు ఇప్పుడు ఊళ్లో ఎక్కడా కనిపించదు.

ఆ బోర్డు మారింది కానీ ఖాతా పోలేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంక్, కార్పొరేషన్ బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి, సిండికేట్ బ్యాంక్ అప్పుడే కెనరాలో కలిసింది. వైశ్యా బ్యాంకు ఐఎన్‌జీ వైశ్యాగా మారి, 2015లో కోటక్ మహీంద్రాకు చేరింది. తెలంగాణలోని ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు కిందికి వచ్చాయి. పాత పాస్‌బుక్ పట్టుకుని ఈ కొత్త బ్యాంకుల శాఖకు వెళితే రికార్డు తీయాల్సిన బాధ్యత వాళ్లదే.

పదేళ్లపాటు ఎవరూ కదిలించని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కు పంపేస్తాయి. 2014 నుంచి ఈ పద్ధతి ఉంది. "గవర్నమెంటు తీసేసుకుందంట" అని ఊళ్లలో అనుకునేది దీన్ని గురించే. అది తప్పు. హక్కు పోదు, గడువు కూడా లేదు. వారసులు ఎప్పుడు వచ్చినా అదే బ్యాంకు చెల్లించి, తర్వాత రిజర్వు బ్యాంకు నుంచి రాబట్టుకుంటుంది.

ఇలాంటి డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. మొబైల్ నంబరుతో రిజిస్టర్ అయి, పోయినవారి పేరు, బ్యాంకు, దాంతోపాటు పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు నంబర్లలో ఒకటి గానీ పుట్టిన తేదీ గానీ ఇచ్చి వెతకొచ్చు. పైసా ఖర్చు లేదు. అన్ని బ్యాంకులూ అందులో లేవు, పెద్ద బ్యాంకులు దాదాపుగా ఉన్నాయి. లేని బ్యాంకుల జాబితా ఆ బ్యాంకు వెబ్‌సైటులోనే చూడాలి. ఉద్గమ్‌లో పేరు కనిపిస్తే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. అది రాసుకుని శాఖకు వెళ్లాలి. పోర్టల్ డబ్బు ఇవ్వదు, ఆచూకీ మాత్రమే చెబుతుంది.

ఇక్కడే మన ఇళ్లలో వచ్చే చిక్కు ఒకటుంది: పేర్లు. ఆధార్‌లో "షేక్ మహబూబ్ బాషా" అని ఉన్నాయన పాత పాస్‌బుక్‌లో "ఎస్‌కే ఎం బాషా". "మొహమ్మద్" ఒకచోట ఎండీ, ఇంకోచోట మొహద్, మరోచోట ఎం. ఇంగ్లీషులో రాసేటప్పుడు "షేక్" అన్న ఒక్క మాటనే నాలుగు రకాలుగా రాస్తారు. ఆడవాళ్ల పేర్లు మరీ కష్టం: పెళ్లికి ముందు "బీ", తర్వాత "బేగం", రేషన్ కార్డులో రెండూ లేకుండా. ఒక్కసారి వెతికి "నో రికార్డ్స్" వస్తే వదిలేయకూడదు. పూర్తి పేరు, పొట్టి పేరు, ఇంటి పేరు ముందు పెట్టి, వెనక పెట్టి, అన్ని రకాలుగా చూడాలి. పేరులో తేడా ఉన్న కాగితాల కోసం "ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి" అని నోటరీ అఫిడవిట్ ఒకటి ముందే చేయించి పెట్టుకుంటే శాఖలో తిరుగుడు తగ్గుతుంది.

బ్యాంకు కానివాటి దారులు వేరు. బీమా డబ్బుకు ఎల్ఐసీ సహా ప్రతి కంపెనీ వెబ్‌సైటులో అన్‌క్లెయిమ్డ్ మొత్తాలు వెతికే పేజీ ఉంటుంది, బీమా భరోసా పోర్టల్ నుంచి కూడా అక్కడికి వెళ్లొచ్చు. పదేళ్లు దాటిన బీమా సొమ్ము సీనియర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫండ్‌కు వెళ్తుంది. అక్కడ మాత్రం గడువు ఉంది. 25 ఏళ్లలోపు అడగకపోతే అది ప్రభుత్వానిదైపోతుంది. పాత షేర్లు, డివిడెండ్లు ఏడేళ్లు అడగకపోతే ఐఈపీఎఫ్‌కు చేరతాయి, వాటికి ఐఈపీఎఫ్-5 ఫారం. మ్యూచువల్ ఫండ్లకు 2025లో మిత్ర అనే వెతుకులాట సౌకర్యం వచ్చింది. పోస్టాఫీసులో నామినేషన్ లేకపోయినా, మరణించి ఆరు నెలలు దాటితే, 5 లక్షల వరకు కోర్టు కాగితం లేకుండానే అఫిడవిట్, పూచీ పత్రాలతో ఇస్తారు.

గల్ఫ్‌లో పోయినవారి బకాయిలు

కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల కుటుంబాలకు ఇది వేరే కథ కాదు. గల్ఫ్‌లో పనిచేస్తూ మరణించినవారి చివరి జీతం, సర్వీసు బెనిఫిట్, ఒక్కోసారి ప్రమాద పరిహారం అక్కడి కంపెనీ దగ్గరో కోర్టు దగ్గరో ఉండిపోతుంది. మయ్యత్ వచ్చేసింది, ఖననం అయింది, ఇక అడిగేవాళ్లు లేరు. తీసుకోవాలంటే వారసుల సర్టిఫికెట్, వారసులందరూ ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి, రెండూ అధికారికంగా అటెస్ట్ అయి ఉండాలి. పవర్ ఎవరికి ఇస్తున్నారో చూసి ఇవ్వాలి. తెలిసిన ఏజెంటు కంటే భారత ఎంబసీ లేదా కాన్సులేట్ పేరు మీద ఇవ్వడం మేలు. పరిహారం ఎంబసీ ద్వారా వస్తే దాన్ని సాధారణంగా జిల్లా కలెక్టర్ ద్వారా వారసులకు పంచుతారు. జాప్యమైతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాగితం ఇంట్లోనే, వీసా కాపీల మధ్య పడి ఉంటుంది.

క్లెయిమ్ కాగితాలు, ఆడపిల్లల సంతకాలు

నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు కార్డు, క్లెయిమ్ ఫారం చాలు. ఎంత మొత్తమైనా సక్సెషన్ సర్టిఫికెట్ అడగకూడదు. నామినీ లేని ఖాతాలకు రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 మార్చి 31లోగా బ్యాంకులన్నీ అమలు చేయాలన్నది అందులోని గడువు. వాటి ప్రకారం 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో అయితే 5 లక్షల వరకు, కోర్టుకు వెళ్లకుండానే వారసుల పత్రం, ఇండెమ్నిటీ బాండు, డబ్బు తీసుకోని మిగతా వారసుల అంగీకార పత్రం తీసుకుని చెల్లించాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. అంతకుమించిన మొత్తాలకు బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ అడగొచ్చు.

వారసుల పత్రం అంటే మన దగ్గర తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీసేవలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలోనో దరఖాస్తు పెడతారు. అసలు అన్యాయం ఈ దరఖాస్తులోనే జరుగుతుంది. పెళ్లయి వెళ్లిన కూతురి పేరు రేషన్ కార్డులో ఉండదు. కార్డు చూసి పేర్లు రాస్తే ఆమె వారసురాలే కాకుండా పోతుంది. ముసలి తల్లి వేరే కొడుకు దగ్గర ఉంటే ఆమె పేరూ జారిపోతుంది. కొన్నిచోట్ల అది పొరపాటు, కొన్నిచోట్ల కాదు. "ఆపాకు పెళ్లిలో అంతా ఇచ్చాం కదా" అంటారు. పెళ్లి ఖర్చు, జోడే కీ రఖం, జహేజ్ ఏవీ వరాసత్ కావు. తండ్రి బతికుండగా ఇచ్చింది వేరు, పోయాక ఆమెకు వచ్చే హక్కు వేరు. సర్టిఫికెట్‌లో పేరు లేనంత మాత్రాన ఆ హక్కు పోదు, కాకపోతే దాన్ని నిలబెట్టుకోవడానికి ఆమె కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

అంగీకార పత్రం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. "డబ్బు మా తమ్ముడికి చెల్లించండి, మాకు అభ్యంతరం లేదు" అన్నది ఒక రకం. "ఈ సొమ్ములో నాకు ఎలాంటి హక్కూ వద్దు" అన్నది పూర్తిగా వేరు. మొదటిది బ్యాంకు సౌకర్యం కోసం, రెండోది వాటా వదులుకోవడం. అక్కచెల్లెళ్ల దగ్గరికి ఫారం పట్టుకొచ్చి "ఇక్కడ ఒక సైన్ పెట్టు, బ్యాంకు వాళ్లు అడిగారు" అన్నప్పుడు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పరు. ఇంగ్లీషు రాకపోతే చదివించుకున్నాకే సంతకం పెట్టాలి. తమ్ముడి ఖాతాలోకి ఎంత వచ్చింది, ఎవరి వాటా ఎంత, ఏ రోజు ఇస్తాడు అన్నది ఇంట్లో తెల్లకాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టుకుంటే ఎవరి పరువూ పోదు. అసలు బ్యాంకుకే, ఎవరి వాటా వాళ్ల ఖాతాలో వేయమని అందరూ కలిసి రాసి ఇవ్వొచ్చు కూడా.

ఎవరికెంత?

పంచడానికి ముందు తీయాల్సినవి వరుసగా ఉన్నాయి: కఫన్-దఫన్ ఖర్చు, ఆ తర్వాత ఖర్జ్‌లు, ఆపై వసీయత్ ఉంటే మిగిలినదాంట్లో మూడో వంతు మించకుండా. భార్యకు ఇవ్వని మహర్ కూడా ఖర్జే. చాలామంది ఆమె చేత జనాజా దగ్గర "మాఫ్ చేశాను" అనిపిస్తారు. ఏడుస్తున్న మనిషి చేత నలుగురి మధ్య అనిపించిన ఆ మాటను ఇష్టపూర్వకమైన మాఫీగా లెక్కపెట్టడం సబబు కాదు.

ఖమ్మం ఉదాహరణకే వస్తే, 13 లక్షల్లో షాపు అప్పు 49,000, మహర్ 51,000 తీసేయగా 12 లక్షలు మిగిలాయనుకుంటే, పిల్లలున్నారు కనుక భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1,50,000. తల్లికి ఆరో వంతు, 2,00,000. మిగిలిన 8,50,000 ఇద్దరు కొడుకులకు రెండేసి వాటాలు, కూతురికి ఒక వాటా చొప్పున అయిదు భాగాలు: కొడుకులకు 3,40,000 చొప్పున, కూతురికి 1,70,000. నామినీ అన్నకు సున్నా. సూరా నిసాలో వాటాలు చెప్పిన చోట తల్లి వాటా స్పష్టంగా ఉంది, అయినా మన పంపకాల్లో ఎక్కువగా మరిచిపోయేది తల్లినే.

పాత డిపాజిట్లలో లెక్క ఇంత తేలిగ్గా ఉండదు. వారసులెవరన్నది మనిషి పోయిన రోజున ఎవరు బతికి ఉన్నారన్నదాన్ని బట్టి తేలుతుంది, డబ్బు దొరికిన రోజును బట్టి కాదు. నానా 2004లో పోయారు, ఆయన ఎఫ్‌డీ ఇప్పుడు ఉద్గమ్‌లో దొరికింది. 2004లో ఉన్న కూతురు 2015లో పోయింది. ఆమె వాటా ఆమెతో పోలేదు, ఆమె భర్తకు, పిల్లలకు వెళ్లింది. దీన్నే ఫిఖ్హ్‌లో మునాసఖా అంటారు. "ఖాలా పోయింది కదా, ఇక వాళ్లకేముంది" అని మామలు అనే మాట చెల్లదు. తండ్రి కంటే ముందే చనిపోయిన కొడుకు సంగతి దీనికి తలకిందులు. అతని పిల్లలకు, దాదాకు వేరే కొడుకులు ఉంటే, వాటా రాదు. దాదా బతికుండగా మూడో వంతు లోపు వసీయత్ రాస్తేనే వాళ్లకు ఏదైనా దక్కేది.

వడ్డీ గురించి కూడా అడుగుతుంటారు. ఫండ్‌కు వెళ్లిన డిపాజిట్‌కూ రిజర్వు బ్యాంకు నిర్ణయించిన సాదా వడ్డీ కలుస్తుంది. 2021 మే నుంచి ఆ రేటు 3 శాతంగా పెట్టారు. అసలు ఎంత, వడ్డీ ఎంత అని విడిగా చూపే స్టేట్‌మెంట్ శాఖలో అడిగితే ఇస్తారు. దాన్ని ఏం చేయాలన్నది ఆలిమ్‌ను అడగాల్సినది. లెక్క చేతిలో ఉంటే ఆ అడగడం సులువవుతుంది.

మైనర్ పిల్లల వాటా అన్నిటికన్నా బరువైన అమానత్. ముస్లిం పర్సనల్ లా ప్రకారం పిల్లల ఆస్తికి చట్టబద్ధ సంరక్షకులు తండ్రి, తర్వాత ఆయన వసీయత్‌లో నియమించిన వ్యక్తి, తర్వాత దాదా. తల్లి ఈ వరుసలో లేదు. అందుకే పెద్ద మొత్తాల దగ్గర, ముఖ్యంగా స్థలం అమ్మాల్సినప్పుడు, తల్లి 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు నుంచి సంరక్షకురాలిగా ఆర్డరు తెచ్చుకోవాలి. డబ్బయితే పిల్లల పేరు మీదే విడి ఖాతాలో ఉంచడం మంచిది. చాచా వ్యాపారంలో "పెట్టుబడిగా" పెట్టిన యతీముల డబ్బు తిరిగిరాని కథలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నాయి.

వఖ్ఫ్-అలల్-ఔలాద్, అంటే పూర్వీకులు తమ సంతానం కోసం చేసిన వఖ్ఫ్ ఉన్న కుటుంబాలకు నియమాలు వేరు. అక్కడ ఆస్తిని అమ్మి పంచుకోలేరు, దాని ఆదాయంలో వాటా మాత్రం అడగొచ్చు. ముతవల్లీ లెక్క చెప్పాల్సినవాడే. వఖ్ఫ్ బోర్డులో ముంతఖబ్ నకలు, గెజెట్ ఎంట్రీ తీయించుకుని లబ్ధిదారులుగా ఎవరిని రాశారో చూసుకోవాలి. 2025 సవరణ చట్టంలో, ఇలాంటి వఖ్ఫ్ ఆడవాళ్లతో సహా వారసుల హక్కును కాదనేలా ఉండకూడదని చేర్చారు.

ఉద్గమ్ పేరు చెప్పి "మీ నాన్నగారి డబ్బు ఇప్పిస్తాం, పది శాతం కమిషన్" అంటూ ఫోన్లు చేసేవాళ్లు తయారయ్యారు. ఓటీపీ, ఆధార్ కాపీ అడుగుతారు. ఈ క్లెయిములకు బ్యాంకు తప్ప మధ్యలో ఎవరూ అవసరం లేదు. కాగితాలు ఇచ్చేటప్పుడు శాఖలో రసీదు అడిగి తీసుకోవాలి, లెక్కపెట్టే 15 రోజులు ఆ తేదీ నుంచే. గడువు దాటితే బ్యాంకు తన ఆలస్యానికి బ్యాంక్ రేటు మీద 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని కొత్త ఆదేశాల్లో ఉంది. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు.